ఒక చుక్క, ఒక చెక్క గరిటె

సిగ్నెట్, టాస్మేనియా
మార్చి 17, పంట కృతజ్ఞతా ఆదివారం

ఆయుష్మతి హెస్టర్‌కు,

ఈ దినం పంట కృతజ్ఞతా ఆదివారం. భూమి ఇచ్చినదానికీ, నీరు తీసుకుపోకుండా విడిచిపెట్టినదానికీ మనుషులు తలవంచే పర్వం. ఆకాశం ఎప్పుడు ఇస్తుందో, ఇచ్చినదానిని ఎప్పుడు లాగుకొంటుందో మనకు ముందుగా తెలియదని ఏడాదికొకసారి ఒప్పుకోవడమే దీని పరమార్థం. ఉదయం మా చర్చిలో పాఠం చదివే వంతు నాది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, ఆపిల్ బుట్టలు, వాటి నడుమ ఎవరో భక్తితో సమర్పించిన బీన్స్ డబ్బా ఒకటి. దాని గడువు నిరుడే తీరిపోయింది. దేవుడు తేదీలు చూడడని దాత నమ్మకం కాబోలు.

ఇంతటి పుణ్యదినాన నిన్ను అభినందించడానికి కలం పట్టాను. బర్రావీ ఊరిలో వరద సైరన్ మోగకపోవడంపై విచారణ నీకు అప్పగించారని పత్రికలో చదివాను. నీవు, మెర్వ్, నేను కలిసి ఆ సైరన్ పెట్టెలకు కెర్నెల్, అంటే వాటిని లోపలినుంచి నడిపే మూల ప్రోగ్రాము, రాసిన రోజులు ఎవరికి గుర్తున్నాయి? దానిని చదవగలిగినవాళ్లలో ఇంకా కళ్లజోడు వెదుక్కోకుండా పనిచేసేది నీవొక్కతెవేనని కౌన్సిలువారు గ్రహించారంటే, వారు ఒక విషయాన్ని గ్రహించడం ఇదే ప్రథమం.

అయితే ఒక పెద్దవాని సలహా విను. ఇటువంటి ఉపద్రవాలకు మూలం చాలావరకు ఎలుకలు. కాకపోతే బ్యాటరీ, అదీ కాకపోతే సాలీడు. మూత తీసి ముందు వాటిని వెదకు. పాత రాతల్లోకి దిగి ఆరోగ్యం పాడుచేసుకోకు.

ఈమెయిలు ఎందుకు పెట్టలేదని అడుగుతావు. నలభై ఏళ్లు యంత్రాల నడుమ సమాచారపు ప్యాకెట్లను తోలినవాణ్ణి. దారిలో వాటి గతి ఏమవుతుందో ఎరిగినవాణ్ణి గనుకనే తపాలా బిళ్ల అంటిస్తున్నాను.

మెర్వ్ పోయి తొమ్మిదేళ్లయినా, నీ పేరు రాసినప్పుడు పక్కన అతని పేరు కూడా దానంతటదే వస్తుంది.

శుభాకాంక్షి,
అల్బన్ ట్రెగియర్


న్యూకాసిల్, న్యూ సౌత్ వేల్స్
ఏప్రిల్ 9

అల్బన్ గారికి నమస్కారాలు.

మీ అభినందన చేరింది. మీ కింద ఇరవయ్యారేళ్లు పనిచేశాను. అన్నేళ్లలో మీరు ఒక్కరినే అభినందించడం చూశాను. ఆయన మన కాఫీ యంత్రం బాగుచేయడానికి వచ్చిన మనిషి. కనుక ఈ ఉత్తరాన్ని జాగ్రత్తగా దాచుకొన్నాను.

ఎలుకలు లేవు. బ్యాటరీ నిక్షేపంలా ఉంది. సాలీడు ఒకటి ఉంది గాని, నిర్దోషి.

జరిగింది ఇది. బర్రావీకి ఎగువన రెండు వాగులున్నాయి. ఒక్కొక్కదానిమీద ఒక కొలపెట్టె నీటిమట్టాన్ని చూసి, ఊరిలోని సైరన్ పెట్టెకు రేడియోలో ప్యాకెట్లు పంపుతుంది. ఫిబ్రవరి మూడో శనివారం మధ్యాహ్నం, ఆడపిల్లల నెట్‌బాల్ పోటీలు జరుగుతూ ఉండగా, రెండు వాగులూ ఒక్కసారే పొంగాయి. రెండు ప్యాకెట్లు ఒకే క్షణంలో వచ్చిపడ్డాయి. సైరన్ పెట్టెలోని చిప్‌కు రెండు మెదళ్లు. ఒక మెదడు ఒక అరలో ప్యాకెట్ పెడుతూ ఉండగా, రెండోది అదే అరను ఖాళీ అనుకొని చేయి పెట్టింది. పెట్టె కొయ్యబారిపోయింది.

చక్రాల ఇళ్లు నిలిపే కేరవాన్ పార్కులో కొట్టు నడిపే నోలీన్ ప్రివెట్ తన ట్రక్కు హారన్ నొక్కిపట్టి, ఆటస్థలం నడిమధ్యనుంచి తోలుకొంటూ వెళ్లి జనాన్ని గట్టెక్కించింది. నలభైయొక్క కేరవాన్లు కొట్టుకుపోయాయి. మనుషులు మిగిలారు. విచారణలో ఆమె చెప్పిన వాంగ్మూలం ఇంతే: "సైరన్ మోగలేదు కాబట్టి వరద రాలేదనుకొని కూర్చున్నామండీ. ఆ సంగతి నీళ్లకి ఎవరూ చెప్పలేదు."

ఇప్పుడు పాత రాతల సంగతి. పోయిన ఏడాది కొత్త గుత్తేదారు బ్యాటరీ మిగలాలని కెర్నెల్‌లో ఒక పనికిమాలిన పంక్తిని తీసేశాడు. ఆ పంక్తి చేసే పనల్లా ఒక్కటే: ప్యాకెట్ వచ్చినప్పుడల్లా ఒక చుక్కను అచ్చువేయడం. ఎక్కడ? ఏ తీగా తగిలించని రంధ్రంలోకి. ఎవరూ చూడని చుక్క. దాని పక్కన ఒక మాట: "తీయవద్దు. మె.మా."

మెర్విన్ మాక్రే. నా మొగుడు.

కౌన్సిలు తరఫున నాతో తిరిగే డన్‌స్టల్ గారికి ప్రాణం లేచివచ్చింది. "పోయినాయన తప్పని రాసేస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదమ్మా" అన్నాడు. ఆయన నా భర్తండీ అన్నాను. టీలో బిస్కెట్ ముంచి, అది విరిగి పడేదాకా ఆలోచించి, "అయితే కాస్త మర్యాదగా రాద్దాం" అన్నాడు.

ఇటువంటి పెట్టెలు వేరే నదులమీద ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. అక్టోబరు ఆఖరుకు, వానలకు ముందు, ఇవి క్షేమమని నేను సంతకం చేయాలి, లేదా చేయనని చెప్పాలి. కారణం తెలియకుండా చేయను. మెర్వ్ ఆ చుక్క కింద ఏం కప్పిపెట్టాడో మీకు తెలిసి ఉంటుంది. చెప్పండి.

హెస్టర్ మాక్రే


సిగ్నెట్
మే 5

ఆయుష్మతి హెస్టర్‌కు,

నీ లేఖ చదివి సాలీడు విషయంలో నేను చేసిన నిందకు పశ్చాత్తాపపడ్డాను.

చుక్కలో వింత ఏమున్నది? అచ్చువేయడానికి యంత్రానికి రవంత కాలం పడుతుంది. ఆ రవంతలో మొదటి మెదడు తన చేయి వెనక్కు తీసుకొంటుంది, రెండవది ఆలస్యంగా చేరుతుంది, చేతులు కలియవు. తాళం వేయవలసిన చోట మెర్వ్ ఒక ఆవలింత పెట్టాడు. నవ్వదలచినవారు నవ్వవచ్చును గాని, ఆ ఆవలింత పద్నాలుగేళ్లు ఊళ్లను కాచింది. పార్లమెంటు చేసే చట్టాలకు అంత ఆయువు లేదు. కనుక నా తీర్పు: ఆ పంక్తిని దాని స్థానంలో మళ్లీ కూర్చోబెట్టు, సంతకం చేయి, సముద్రస్నానానికి వెళ్లు.

దాని కింద ఏమున్నదో నన్ను అడిగితే ఎట్లా? నా మోకాలిచిప్ప ఎవరిదో కూడా నాకు ఇప్పుడు వైద్యుడు చెప్పవలసి ఉన్నది. ఎవరు ఏనాడు ఏమి మార్చారో గరిటె పుస్తకంలో ఉండాలి. వరుసగా మూడేళ్లు క్రికెట్టులో అందరికంటే ఆఖరున నిలిచినందుకు మనకు బహూకరించిన చెక్క గరిటెను మరిచిపోలేదు కదా. అది ఎవరి బల్లమీద ఉంటే వారే కెర్నెల్‌ను ముట్టాలి, ముట్టేముందు పుస్తకంలో సంతకం చేయాలి అని శాసనం చేసినవాణ్ణి నేనే. రెండు చేతులు ఒకేసారి ఒకే పంక్తిని దిద్దకుండా ఉండడానికి అంతకంటే మంచి ఉపాయం ఈ ఖండంలో ఎవరూ కనిపెట్టలేదు. ఆ గరిటె ఇప్పుడు ఎక్కడున్నదో, ఏ పులుసులో కలిసిపోయిందో తెలియదు.

ఆపిల్ కోతలు ముగిశాయి. చలి మొదలైంది.

అల్బన్


బర్రావీ
జూన్ 11

అల్బన్ గారికి,

మీ తీర్పును శిరసావహించి చుక్కను దాని స్థానంలో కూర్చోబెట్టాను. నోలీన్ తన బట్టలుతికే షెడ్డులో చోటిచ్చింది. రెండు ఆరబెట్టే యంత్రాల నడుమ సైరన్ పెట్టె, అటొకటి ఇటొకటి, రాత్రింబవళ్లు ఎడతెగకుండా ప్యాకెట్లు పంపే యంత్రాలు. నోలీన్ దుప్పట్లు మడతపెడుతూ కాపలా కాసింది. పదకొండో రోజు పొద్దున, టోస్టు తినే వేళ, పెట్టె మళ్లీ కొయ్యబారింది. "మీ పెద్దాయన చుక్క గొప్పదే అమ్మా. వరదే పదకొండో రోజు రాకుండా చూసుకోవాలి" అంది నోలీన్.

చుక్క రోగాన్ని పోగొట్టలేదు, వాయిదా వేసిందంతే. కనుక దాని కింద తవ్వాను.

అరలను ముట్టేముందు కెర్నెల్ ఏం చేస్తున్నదో చూశాను. బయటినుంచి వచ్చే పిలుపులను ఆపుకొంటున్నది. తలుపు మూసి, ఇక నన్నెవరూ కదిలించరు అనుకొని పని చేసుకొంటున్నది. చిప్‌కు ఒకే మెదడున్న కాలంలో అది చాలు. మూసేది తన తలుపు, ఇంట్లో ఉన్నది తానొక్కటే. రెండు మెదళ్ల చిప్ వచ్చాక అది చాలదు. ఒక మెదడు తన తలుపు మూసుకొంటే రెండోదాని తలుపు మూతపడదు. అది తన దారిన వచ్చి అదే అరలో చేయి పెడుతుంది. ఇది తెలియనివాళ్లు చేసే తప్పు కాదు. ఒంటి మెదడు చిప్‌లతో పాతికేళ్లు కాపురం చేసి, చేయి అలవాటు పడినవాళ్లే ఇలా చేస్తారు.

రెండు మెదళ్ల చిప్‌కు ఈ పాత పద్ధతినే అతికించిన మార్పు పదిహేనేళ్ల కిందటి ఆగస్టులో, ఒక శుక్రవారం మధ్యాహ్నం జరిగింది. మెర్వ్ పేరుమీద, మెర్వ్ యంత్రంనుంచి. గరిటె పుస్తకం అటకమీద దొరికింది. ఆ రోజు గరిటె తీసుకొన్నట్లు సంతకం కూడా మెర్వ్‌దే.

ఇంటినుంచి బయలుదేరేముందు గ్యాసు ఆపానా అని రెండుసార్లు వెనక్కి వచ్చి చూసే మనిషి. నాలుగు వీధులు దాటాక మూడోసారి కూడా. ఆయన ఇది చేశాడంటే నాకు మింగుడు పడడం లేదు. కాని మింగుడు పడకపోవడం సాక్ష్యం కాదు.

మరొక్క మాట. మిమ్మల్ని నేను అడగకముందే మీరు రాశారు. ఎలుకలన్నారు, సాలీడన్నారు, లోపలికి దిగవద్దన్నారు.

ఇది మెర్వ్ చేశాడా, లేదా? ఒక్క మాట చాలు. జూలై నెలాఖరుకు జవాబు రాకపోతే పుస్తకంలో ఉన్నదే నివేదికలో రాస్తాను. నా భర్త అని ఒక్క అక్షరం తగ్గించను. ఆయన కూడా నన్ను తగ్గించనిచ్చేవాడు కాదు.

హెస్టర్


సిగ్నెట్
జూన్ 13

ఆయుష్మతి హెస్టర్‌కు,

నీ జవాబు రాక అయిదు వారాలు. నీవు సముద్రస్నానానికి వెళ్లి ఉంటావని ఆశిస్తూనే, వెళ్లి ఉండవని ఎరిగి, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఒకవేళ పుస్తకంలో మెర్వ్ పేరు కనబడితే మనసు కష్టపెట్టుకోకు. ఆ చలికాలం అతడు బాగా అలసి ఉన్నాడు. వాళ్లమ్మకు ఒంట్లో బాగుండలేదు. అలసిన చేయి జారడం మానవసహజం. నివేదికలో ఆ మాట మృదువుగా రాయవచ్చును. చదివేవారు కూడా మనుషులే. పోయినవారికి లోకం చేసే ఉపకారం మరపు ఒక్కటే. అది మెర్వ్‌కు త్వరలోనే దక్కుతుంది.

అల్బన్


సిగ్నెట్
జూన్ 19

హెస్టర్‌కు,

నీ జూన్ పదకొండు నాటి లేఖ నిన్న అందింది. దీనికి ముందు నేను వేసిన ఉత్తరం ఒకటి దారిలో ఉన్నది. అది ఇంకా నీకు చేరకపోతే విప్పకుండా పొయ్యిలో వేయి. విప్పితే, చదవకు. చదివితే, అది రాసినవాడు ఎటువంటివాడో నీకు తెలిసిపోయింది. ఇక నేను చెప్పవలసిన పని సగం తగ్గింది.

మెర్వ్ చేయలేదు. నేను చేశాను.

ఆ శుక్రవారం నీ మణికట్టు విరిగింది. కార్యాలయం మెట్లమీద జారిపడ్డావు. మెర్వ్ అప్పటికే గరిటె తీసుకొని సంతకం చేసి, ఏదో చిన్న మార్పుకు కూర్చోబోతున్నాడు. నిన్ను ఆసుపత్రికి తీసుకుపోతూ గరిటెను బల్లమీదనే వదిలాడు, యంత్రాన్ని తెరచే వదిలాడు. కొత్త చిప్‌తో పెట్టెలు సోమవారం పంపాలి. నేను ఆ గదికి అధిపతిని. గరిటె నా చేతిలో లేదు, దానిని అడగడానికి మనిషి లేడు. శాసనం నాదే గదా, దానిని దాటే హక్కూ నాదే అనుకొన్నాను. మెర్వ్ కుర్చీలో కూర్చుని, మెర్వ్ పేరుమీద, పాతికేళ్లుగా రాస్తున్న ఆ రెండు పంక్తులను మళ్లీ రాశాను. తలుపు మూశాను, పని చేశాను, తలుపు తెరచాను. ఎంత అందంగా ఉన్నదో. ఇంటికి రెండో తలుపు ఉన్నదని నా చేతికి తట్టలేదు.

తమ్ముడు అన్న వస్త్రం కట్టుకొని గుడ్డితండ్రి ఆశీర్వాదం కాజేసిన కథను నేను చర్చిలో పందొమ్మిదిసార్లు చదివాను. కంఠం బాగున్నదని ప్రతిసారీ మెచ్చుకొన్నారు.

తరువాతి వారం మెర్వ్ కనిపెట్టాడు. నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. "ఇది నా పేరుమీద ఉంది గాని నా రాత కాదు. మీ రాత నాకు తెలీదా అల్బన్ గారూ" అన్నాడు. నా వీడ్కోలు విందుకు పది రోజులుంది. సోమవారం సరిచేస్తాను అన్నాను. అతడు నా ముఖం వంక చూసి, "సోమవారమా. సరే, అప్పటిదాకా ఒక చుక్క పెడతాను" అన్నాడు.

అది తాత్కాలికమైన చుక్క, హెస్టర్. నా సోమవారం వచ్చేదాకా పెట్టిన చుక్క. "తీయవద్దు" అన్నది నా కోసం రాసిన మాట.

విందులో, అందరూ సాసేజీలు తింటూ ఉండగా, మెర్వ్ గరిటెను రిబ్బనుతో కట్టి నాకు బహుమతిగా ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. అతడు చెవి దగ్గరకు వంగి, "సరిచేసినప్పుడు తిరిగి పంపండి" అన్నాడు. అంతే. మళ్లీ ఏనాడూ అడగలేదు, గరిటె నా దగ్గర ఉన్నంతకాలం ఆ పంక్తులను తాను ముట్టనూ లేదు. ప్రతి క్రిస్మస్‌కూ కార్డు పంపాడు. ఏ కార్డులోనూ దాని ఊసు లేదు. పిమ్మట కార్డులు రావడం మానేశాయి.

గరిటె ఏ పులుసులోనూ కలిసిపోలేదు. నా వంటగదిలో పొయ్యికి పైన వేలాడుతున్నది. పదిహేనేళ్లుగా నేను గంజి కాచుకొనేటప్పుడు నన్ను చూస్తూనే ఉన్నది.

నివేదికలో నా పేరు రాయి. మృదువుగా రాయవద్దు.

అల్బన్ ట్రెగియర్


న్యూకాసిల్
జూలై 2

అల్బన్ ట్రెగియర్ గారికి,

మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు, ఒకే రబ్బరు బ్యాండులో వచ్చాయి. పదమూడో తేదీ ఉత్తరం పైన ఉంది. దాన్నే ముందు విప్పాను. మీరు వెనక్కి తీసుకొన్నదాన్ని, తీసుకొన్నారని తెలియకముందే చదివాను. ఈ జబ్బుకు మందు రాయడంలో మీరు ఒకప్పుడు ఘనులు. ప్యాకెట్లు దారిలో ఏమవుతాయో మీకు తెలుసన్నారు. తపాలా బిళ్ల అంటించినా అదే అయింది.

మెర్వ్ అలసి ఉన్నాడన్నమాట. వాళ్లమ్మకు బాగాలేదన్నమాట. ఆమె ఆ ఏడాది బంతాట పోటీలో కప్పు గెలిచింది. చనిపోయినవాణ్ణి రెండోసారి వాడుకొనేముందు కనీసం వివరాలు సరిచూసుకోవలసింది.

నా మణికట్టు విరిగినది ఆ శుక్రవారమేనని నేనే మరిచిపోయాను. ఆసుపత్రి వసారాలో మెర్వ్ నా పక్కన సాయంత్రందాకా కూర్చున్నాడు. "గరిటె బల్లమీద వదిలేశానే, ఎవరైనా ముడతారేమో" అని ఒకటే గొణుగుడు. నా చేయి విరిగితే నీకు గరిటె గోల ఏమిటని కసిరాను. ఆ మాట పదిహేనేళ్లుగా నాతోనే ఉంది. దాని అర్థం ఇప్పుడు తెలిసింది.

ఏడవలేదు. నోలీన్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఆరబెట్టే యంత్రాన్ని ఆపేసి వింది. తరువాత, "ఆ పెద్దాయనకి ఇంకా రాయడం వచ్చా?" అని అడిగింది. తిట్టడానికేమో అనుకొన్నాను. కాదు, పనికి.

కనుక వినండి. నాకు మీ పశ్చాత్తాపంతో పనిలేదు, దాన్ని చర్చిలో పెట్టుకోండి, బీన్స్ డబ్బా పక్కన. నాకు కావలసినవి రెండు. మొదటిది, ఆ అరలకు నిజమైన తాళం. పదిహేనేళ్ల కిందటి సోమవారం రాయవలసినది, జూలై నెలాఖరులోగా రాసి పంపండి. ప్రతి పంక్తినీ నేను చదువుతాను. నోలీన్ షెడ్డులో అరవై రోజులు నడుపుతాను. ఒక్కసారి కొయ్యబారినా సంతకం లేదు. రెండోది, సెప్టెంబరు నాలుగున బర్రావీ హాలులో కౌన్సిలు బహిరంగంగా కూర్చుంటుంది. మీరు వచ్చి, ఈ ఉత్తరంలో రాసినది, ఊరి ఎదుట, మీ నోటితో చెప్పండి. మోకాలు నొప్పి అని రాయకండి. ఇక్కడ అందరికీ నీళ్లు మోకాళ్లు దాటే వచ్చాయి.

నేను జవాబు రాసేదాకా మళ్లీ ఉత్తరం వేయకండి. ఒకరి తరువాత ఒకరం.

హెస్టర్


బర్రావీ
అక్టోబరు 12

అల్బన్ గారికి,

ఇప్పుడు రాయడం నా వంతు.

మీరు పంపిన తాళం ఇవాళ్టికి అరవై ఒక్క రోజులు నడిచింది. రెండు వైపులనుంచి ఒకే క్షణంలో, క్షణానికి వెయ్యిచొప్పున ప్యాకెట్లు కుమ్మరించాను. ఏ మెదడుకైనా అర ముట్టాలంటే ముందు తాళం చేతికి రావాలి. రెండోది బయట నిలబడి వేచి ఉండాలి. ఒక ప్యాకెట్‌ను ఎవరైనా చదువుతూ ఉండగా దాని అరను ఎవరూ ఖాళీ చేయకూడదు. పని ముగించినవాడు అరమీద పెట్టిన తన గుర్తు తీసేశాకే అది మరొకరిది. మీరు తాళానికి "గరిటె" అని పేరు పెట్టినట్లు రెండోసారి చదివినప్పుడు చూశాను. ఏమీ అనను.

చుక్క తీసేశాను. పెట్టె కొయ్యబారలేదు. నోలీన్ ఆ పెట్టె మీద దుప్పట్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆమె ఒకదాన్ని నమ్మినట్లు గుర్తు అదే.

నిన్న పంతొమ్మిది పెట్టెలకూ సంతకం చేశాను. ఈ ఉదయం పదింటికి సైరన్ మోగించి చూశాం. ఊరంతా బయటికి వచ్చి నిలబడింది. డన్‌స్టల్ గారు చెవులు మూసుకొని, "కొంచెం ఎక్కువ మోగుతోంది కదా" అన్నారు.

నివేదికలో మెర్వ్ పేరు ఒక్కచోటే ఉంది: ప్రమాదాన్ని కనిపెట్టి, ఆనాటి అధిపతికి చెప్పి, తాత్కాలికంగా ఆపినవాడు. మీ పేరు మూడుచోట్ల ఉంది. మృదువుగా రాయలేదు.

ఇంకొక పని మిగిలింది. "తీయవద్దు. మె.మా." అన్న మాట ఉన్న చోటు ఇప్పుడు ఖాళీ. అక్కడ ఏముండాలో మీరు రాయండి. తరువాత వచ్చేవాళ్లకు ఈసారి కారణం కూడా తెలియాలి. రాశాక గరిటె పంపండి. సరిచేసినప్పుడు పంపమన్నాడు కదా.

హెస్టర్


సిగ్నెట్
అక్టోబరు 20

ఆయుష్మతి హెస్టర్‌కు,

నా వంతు వచ్చేదాకా ఆగాను. డెబ్బయ్యారో ఏట నేర్చుకొన్న విద్య ఇది.

సెప్టెంబరులో బర్రావీ హాలులో జరిగిన సంగతి నీవు రాయలేదు. దయతలచావో, స్థలం చాలలేదో. నేను చెప్పడం ముగించినప్పుడు ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని చూశాను. కేరవాన్ పోగొట్టుకొన్న ఒక ముసలాయన టీ కప్పు నా చేతికిచ్చి, చక్కెర ఎన్ని చెంచాలని అడిగాడు. అప్పుడు నోలీన్ వెనుక వరుసలోనుంచి, గొంతు పెంచకుండా, "పదిహేనేళ్లలో ఒక్క సోమవారం కూడా రాలేదాండీ?" అని అడిగింది. నేను పరలోకంలో ఎదుర్కొనబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకొన్నవాణ్ణి. దానికి మాత్రం ఉన్నమాటే చెప్పాను: రానివ్వలేదు. 

ఈ పొట్లంలో గరిటె ఉన్నది. రిబ్బను అదే. మరక మాత్రం నా గంజిది కాదు, ఒకసారి కూడా వాడలేదు. అది మూడో ఏడాది మనం ఓడిన మైదానపు మట్టి. దీనిని మెర్వ్ సమాధిమీద పెట్టవద్దు, వానకు పాడవుతుంది. నీ బల్లమీద పెట్టుకో. ఇక కెర్నెల్ ముట్టవలసినవాళ్లు నీ దగ్గరికి వచ్చి అడగాలి.

ఖాళీ చోటులో ఉంచవలసినది ఇది. పొడవైనది, కెర్నెల్‌లో ఇంత పొడవైన మాట ఉండకూడదని అంటారు. అననీ.

"ఈ అరల దగ్గరికి వచ్చినవారికి. ఇక్కడ రెండు చేతులు ఒకేసారి పనిచేస్తాయి. మీ తలుపు మూసుకొంటే చాలదు. గరిటె చేతికి రానిదే దేనినీ ముట్టవద్దు. ఒకప్పుడు ఇక్కడ ఒక చుక్క ఉండేది. దాని అవసరం కలిగించినవాడు అల్బన్ ట్రెగియర్. ఆ తప్పును పట్టుకొని, తన పేరుమీద మోసి, చుక్కతో కాచినవాడు మెర్విన్ మాక్రే. కారణం వెదకి చుక్కను తీసినది హెస్టర్ మాక్రే. మాకు తరువాత వచ్చే మీకు: మీరు చేసిన పనిమీద మీ పేరే ఉండుగాక, మరొకరిది కాక. మీరు వాయిదా వేసిన సోమవారం ఆ వారంలోనే వచ్చుగాక. మీరు ఎన్నడూ చూడని ఊళ్లలో, మీ పేరు ఎన్నడూ వినని పిల్లలు, సైరన్ విని, ఆట మధ్యలో ఆపి, పాదం తడవకుండా ఇల్లు చేరుదురుగాక."